ముప్పై కౌంట్ రొయ్యకు కొనేవాడు ఒక్కడే: రాష్ట్ర మత్స్యశాఖకు, సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ఎంపెడాకు, ప్రాసెసింగ్ ప్లాంట్ల యజమానులకు బహిరంగ లేఖ

అయ్యా,

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచుతూ ఒక వెసులుబాటు ఇచ్చింది. ఆ తేదీకి ముందే ఓడకెక్కి, సెప్టెంబరు 17 లోపు అక్కడి కస్టమ్స్‌లో లెక్కకెక్కిన సరుకుకు కొత్తగా వేసిన 25 శాతం వర్తించదని. రెండు తేదీల మధ్య ఉన్నది 21 రోజులు. విశాఖలోనో కృష్ణపట్నంలోనో ఎక్కిన రీఫర్ (సరుకును గడ్డకట్టిన స్థితిలో ఉంచే) కంటైనర్ దారిలో పెద్ద ఓడకు మారి న్యూయార్క్ చేరడానికి నలభై రోజుల పైమాటే. ఎర్రసముద్రం దారి వదిలి ఆఫ్రికా చుట్టి వెళ్తే ఇంకో పది, పదిహేను రోజులు కలుపుకోవాలి. ఆగస్టు మొదటి వారం దాటాక ఎక్కిన కంటైనర్‌కు ఆ వెసులుబాటు అందే దారే లేదు. మెక్సికోకైతే 21 రోజులు చాలా ఎక్కువ. మనకు అది కాగితం మీది దయ.

సుంకం రేపు దిగుతుంది, ఎల్లుండి మళ్లీ ఎక్కుతుంది. అది ఎంత దగ్గర ఆగినా ఈ లేఖలో చెప్పేది మారదు. మన రొయ్య అమెరికాకు కట్టుబడిపోయింది ఢిల్లీ ఒప్పందాల వల్ల కాదు. సీడ్, అంటే రొయ్య పిల్లలు, చెరువులో వదిలిన రోజు అనుకున్న కౌంట్ (రొయ్య సైజు లెక్క) దగ్గర, ప్లాంట్‌లో పరిచిన బల్లల దగ్గర, పిల్లలు పుట్టించే హేచరీలోని తల్లి రొయ్య దగ్గర ఆ ముడి పడింది. విప్పాల్సింది కూడా అక్కడే.

2024-25లో దేశం నుంచి వెళ్లిన ఫ్రోజెన్ రొయ్య సుమారు 7.41 లక్షల టన్నులు. విలువ 43 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే. చైనాకు 1.36 లక్షల టన్నులు, ఐరోపా యూనియన్ దేశాలన్నిటికీ కలిపి లక్షకు కాస్త తక్కువ. దేశం మొత్తం సరుకుల ఎగుమతుల్లో అమెరికా వాటా ఐదో వంతైతే, రొయ్యలో అది బరువు లెక్కనే 42 శాతం. సాగు రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే కాబట్టి ఆ 42 శాతం బరువు మోసేది ముఖ్యంగా గోదావరి జిల్లాలు, కృష్ణా, నెల్లూరు. ఒంటి స్తంభం మేడ కట్టి, స్తంభం ఊగినప్పుడల్లా మేడలో ఉన్నవాళ్లను ధైర్యంగా ఉండమంటున్నాం.

ముడి ఎక్కడ పడిందో కౌంట్ లెక్కతో చూపిస్తాం. మన గట్టు మీద కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలని. అమెరికాలో పౌనుకు ఎన్నని, అదీ తల తీశాక. 30 కౌంట్ రొయ్య తూకం 33 గ్రాములు. తల తీస్తే దాదాపు 65 శాతం మిగులుతుంది, అంటే ఇరవై ఒకటిన్నర గ్రాములు. పౌనుకు 454 గ్రాములు కాబట్టి పౌనుకు 21 తూగుతాయి. వాళ్ల పెట్టె మీద అది 21/25, అంటే పౌనుకు 21 నుంచి 25. ఇదే లెక్కన మన 40 కౌంట్ 26/30లో, 50 కౌంట్ 31/40లో పడతాయి. మన 100 కౌంట్‌కు తల తీస్తే మిగిలేది ఆరున్నర గ్రాములు, పౌనుకు 70. అమెరికా హోటళ్లూ సూపర్‌మార్కెట్లూ మన దగ్గర ప్రధానంగా అడిగేది 16/20 నుంచి 31/40 వరకు. పెంకు ఒలిచి, వెన్నులోని నల్ల నరం తీసి, తోక మాత్రం ఉంచి, ఒక్కో రొయ్య విడివిడిగా గడ్డకట్టించి, పౌను, రెండు పౌన్ల సంచుల్లో వేసిన సరుకు. ఆ సైజు, ఆ కోత కలిపి ఇన్ని టన్నులు తీసుకునే దేశం ఇంకొకటి లేదు.

ఇప్పుడు చెరువు వైపు నుంచి చూడండి. ఎకరానికి లక్ష సీడ్ వేసి, 75 శాతం బతికితే, అరవై రోజుల దగ్గర 100 కౌంట్‌లో 750 కిలోల సరుకు ఉంటుంది. వంద రోజులకు 50 కౌంట్ వస్తే 1,500 కిలోలు. 30 కౌంట్‌కు తీసుకెళ్లాలంటే ఇంకో ముప్పై, నలభై రోజులు. ఆ ఆఖరి నెలలోనే చెరువు మీద భారమంతా పడుతుంది. నీళ్లలో 1,500 కిలోల రొయ్య ఉంటే రోజుకు నలభై కిలోల దాకా మేత పడుతుంది. 400, 500 కిలోల సరుకుకు ఒక హార్స్‌పవర్ లెక్కన నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరగాలి. తెల్లవారుజామున రెండు గంటలు కరెంటు పోయి, జనరేటర్ ఆలస్యమై, కరిగిన ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి జారితే రొయ్యలు గట్టు చేరతాయి, తెల్లారేసరికి తేలతాయి. ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు పడే మేత లెక్క, కూడా అక్కడే చెడుతుంది. 100 కౌంట్ దగ్గర కిలో రొయ్యకు కిలో రెండు వందల గ్రాముల మేతతో నడిచిన చెరువు, 30 కౌంట్ చేరేసరికి కిలోన్నర దాటిపోతుంది. ఇంత సాహసం రైతు చేసేది 30 కౌంట్ రేటు చూసి. ఆ రేటు నిలబెట్టేది ఒక్క దేశపు గిరాకీ.

ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి రోగం ఈ చిక్కును ఇంకా ముదరబెట్టింది. ఇది వైట్ స్పాట్ వైరస్‌లాగా రాత్రికి రాత్రి చెరువును ఖాళీ చేయదు. రొయ్య జీర్ణగ్రంథి హెపటోపాంక్రియాస్‌లో చేరి ఎదుగుదల ఆపేస్తుంది. రొయ్య బతికే ఉంటుంది, మేత తింటుంది, 80 కౌంట్ దగ్గర అలాగే నిలబడిపోతుంది. అమెరికా సైజు రేటు మీద ఆశతో రైతు ఇంకో పదిహేను రోజులు, ఇంకో నెల మేత వేస్తూ పోతాడు. మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్‌ట్రేలో తెల్లటి రెట్ట దారాలు కనిపించిన చెరువును ఆ వారమే పీసీఆర్ పరీక్ష చేయించి, పాజిటివ్ వస్తే ఉన్న కౌంట్‌కే పట్టేయడం లాభం. పట్టిన తర్వాత మట్టి సంగతి. ఈహెచ్‌పీ స్పోర్లు మామూలు బ్లీచింగ్‌కు లొంగవు. చెరువు బాగా ఎండగట్టి, ఎకరానికి సుమారు 2.4 టన్నుల కాల్చిన సున్నం చల్లి, నాలుగైదు అంగుళాల లోతు దున్ని, తడిపి, మట్టి పీహెచ్ 12 దాకా తెచ్చి వారం వదిలేయాలి. చాలా చోట్ల ఎకరానికి రెండు, మూడు వందల కిలోల వ్యవసాయ సున్నం చల్లి ఇదే పని చేశామనుకుంటున్నారు. ఆ సున్నం పీహెచ్‌ను 12కు తేలేదు. మీ క్షేత్ర సిబ్బంది చెప్పాల్సిన మొట్టమొదటి మాట ఇది. ఎందుకంటే చిన్న కౌంట్‌కు ఎంచుకుని పట్టడం వేరు, రోగం చేత చిన్న కౌంట్‌లో చిక్కుబడటం వేరు. రెండో దానికి ఏ మార్కెట్టూ మందు కాదు.

హేచరీ దగ్గరా ఇదే తంతు. 2009లో ఇప్పుడు మన చెరువుల్లో పెంచే వెనామీ రొయ్యకు అనుమతి వచ్చినప్పటి నుంచి తల్లి రొయ్య ఎక్కువగా హవాయి, ఫ్లోరిడా కంపెనీల నుంచి విమానంలో వస్తోంది. చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటి హేచరీలకు చేరుతుంది. పిల్లలకు తొలి మేతగా పెట్టే ఆర్టీమియా గుడ్లకు ప్రపంచంలోని పెద్ద వనరుల్లో ఒకటి ఉటా రాష్ట్రంలోని గ్రేట్ సాల్ట్ లేక్. రెండూ డాలర్లలో కొనేవే. రూపాయి పడితే ఎగుమతిదారుకు లాభమని పత్రికలు రాస్తాయి. అదే రోజు సీడ్ ఖర్చు పెరుగుతుందని రాయరు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబా మన తెల్ల రొయ్య ఇండికస్ మీద జన్యు అభివృద్ధి పని మొదలుపెట్టింది. అది నాలుగు ప్రదర్శన చెరువుల ముచ్చటగా మిగలకుండా, కనీసం ఒక జిల్లాలో రైతు అడిగితే దొరికే సీడ్‌గా మారాలి. వెనామీకి సాటి వస్తుందని మేం అనడం లేదు. ఎదుగుదలలో వెనకే ఉంటుంది. కానీ మధ్య సైజుల్లో పట్టే చెరువుకు ఆ తేడా అంతగా నొప్పి పెట్టదు.

ఇక సుంకం ఎవరి నెత్తిన పడుతుందన్న లెక్క. ప్లాంట్ల యజమానులకు ఇది కొత్త కాదు, రైతుకు మాత్రం ఎవరూ విడమరిచి చెప్పలేదు. నలభై అడుగుల కంటైనర్‌లో 17 టన్నుల ఒలిచిన సరుకు, లెక్క కోసం కిలో 8 డాలర్లు అనుకుందాం. సరుకు విలువ 1,36,000 డాలర్లు. పాత యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసే) సుంకం, 2024 డిసెంబరులో ఖరారైన సబ్సిడీ వ్యతిరేక సుంకం కలిపి 2025లో చాలా కంపెనీలకు 8.26 శాతం, అంటే 11,200 డాలర్ల పైచిలుకు. దాని మీద 50 శాతం పడితే కట్టాల్సింది 79,200 దాటుతుంది. ఒక్కో కంటైనర్‌కు అదనంగా 68,000 డాలర్లు. ఒలిచిన కిలోకు 4 డాలర్లు, 88 రూపాయల మారకం లెక్కన 352 రూపాయలు. తల, పెంకు పోగా 30 కౌంట్ పచ్చి సరుకులో మిగిలేది సుమారు 56 శాతం కాబట్టి ఒలిచిన కిలోకు పావు తక్కువ రెండు కిలోల కంటే కొద్దిగా ఎక్కువ, సరిగ్గా చెప్పాలంటే కిలో 785 గ్రాముల పచ్చి రొయ్య కావాలి. ఆ 352 రూపాయలనూ పూర్తిగా చెరువు మీదికి తోస్తే పచ్చి సరుకు కిలోకు దాదాపు 200 రూపాయల దెబ్బ. నిజానికి అక్కడి వినియోగదారు కొంత, దిగుమతిదారు కొంత, ప్లాంటు కొంత భరిస్తారు. ఎవరెంత భరించారో రైతుకు చూపించే కాగితం మాత్రం ఏదీ లేదు.

ఇంకో మెలిక ఉంది. మన ఎగుమతిదారుల్లో చాలామంది సుంకం తామే కట్టి సరుకు అప్పగించే పద్ధతిలో అమ్ముతారు. అమెరికా కస్టమ్స్ దగ్గర దిగుమతిదారుగా పేరు వాళ్లదే, లేదా అక్కడ వాళ్లు పెట్టుకున్న అనుబంధ కంపెనీదే. అలాంటివాళ్లు కస్టమ్స్‌కు ఏడాది పొడవునా నడిచే పూచీ పత్రం (బాండ్) ఇవ్వాలి. సాధారణంగా గత పన్నెండు నెలల్లో కట్టిన సుంకాల్లో పదో వంతు. సుంకం 8 నుంచి 58కి పోతే అంతే సరుకుకు బాండ్ కూడా ఏడింతలవుతుంది, దానికి తాకట్టు అడుగుతారు. యాంటీ డంపింగ్ సంగతి ఇంకా విచిత్రం. 2005 నుంచి నడుస్తున్న ఆ వ్యవహారంలో కట్టేది డిపాజిట్ మాత్రమే. ఫిబ్రవరి 1 నుంచి జనవరి 31 వరకు వెళ్లిన సరుకుకు అసలు సుంకం ఎంతో, సమీక్ష ముగిశాక, ఏడాది దాటాక తేలుతుంది. అంటే అమ్మిన సరుకు ధర అమ్మినప్పుడు తెలియదు. ఈ అనిశ్చితికి ప్లాంటు కొంత సొమ్ము పక్కన పెట్టుకోవడం న్యాయమే. ఆ పక్కన పెట్టింది ఎంతో చెప్పకుండా గట్టు రేటులో కోయడమే అన్యాయం.

ఇక్కడే మా అసలు ఫిర్యాదు. 2025 ఏప్రిల్ 2న అమెరికా 26 శాతం ప్రకటించింది, 9న దాన్ని 90 రోజులు వాయిదా వేసింది. ఆ వారంలో గట్టు మీద రేట్లు పడ్డ తీరు అందరూ చూశారు. 30, 40 కౌంట్ పడటం అర్థమవుతుంది. అమెరికాకు పెద్దగా వెళ్లని 100 కౌంట్ ఎందుకు పడాలి? ప్లాంట్ల జవాబులో కొంత నిజం ఉంది. పెద్ద సైజు కోల్డ్ స్టోరేజీలో ఇరుక్కుంటే బ్యాంకు పరిమితి అక్కడే కట్టుబడిపోతుంది, చిన్న సైజు కొనడానికీ చేతిలో సొమ్ము ఆడదు. రెండోది, భయపడిన రైతులు 30 కౌంట్‌కు ఉంచిన చెరువులను కూడా ముందే పట్టేస్తారు. ఒకే వారంలో చిన్న సైజు వరదలా వచ్చిపడుతుంది. రేటు లేదని పట్టడం, పట్టారని రేటు పడటం. ఈ చక్రం ఆగాలంటే రైతు చేతిలో సమాచారం ఉండాలి.

కాబట్టి మా మొదటి కోరిక కౌంట్ల వారీ, మార్కెట్ల వారీ ధరల బోర్డు. రోజూ సాయంత్రం భీమవరం, నెల్లూరు, అమలాపురం కేంద్రాలకు వేర్వేరుగా రావాలి. 30 నుంచి 100 వరకు ఒక్కో కౌంట్‌కు రెండు అంకెలు ఉండాలి. ఒకటి ఆ రోజు ప్లాంట్లు నిజంగా చెల్లించిన సగటు. రెండోది వెనక్కి కట్టిన లెక్క: ఆ సైజుకు విదేశీ కొనుగోలుదారు ఇచ్చిన ధరలోంచి సుంకం, ఓడ కిరాయి, ప్రాసెసింగ్, ప్యాకింగ్ ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని దిగుబడి శాతంతో గుణించి తేల్చిన పచ్చి సరుకు ధర. తల తీసిన సరుకుకు 65, తోక ఉంచి ఒలిచినదానికి 56, తలతో వెళ్లేదానికి దాదాపు నూరు. అమెరికా, చైనా, ఐరోపా, దేశీయ మార్కెట్ నాలుగూ నాలుగు వరసలు. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. కోడిగుడ్ల రైతులు 1982లో బీవీ రావు గారి చొరవతో నెక్ (నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ) పెట్టుకుని, కేంద్రాల వారీగా రోజు ధర తామే ప్రకటించడం మొదలుపెట్టారు. గుడ్డు ధర ఈ రోజు ఎంతో చిల్లర కొట్టువాడికి కూడా తెలుసు. రొయ్య ధర రేపు ఎంతో ఏజెంటు ఫోను ఎత్తేదాకా చెరువు యజమానికి తెలియదు.

రెండో పని ప్లాంట్లది. అమెరికా కోతకు పరిచిన బల్లల మీద మిగతా మార్కెట్ల సరుకు రాదు. తలతో అమ్మాలంటే పని పట్టుబడి దగ్గరే మారాలి. ఇప్పుడు జరిగేదేమిటంటే, వల లాగి, టార్పాలిన్ మీద కుప్ప పోసి, కౌంట్ చూసి, బేరం తెగాక ఐసు వేస్తారు. ఆ ముప్పావు గంటలోనే తల వదులవుతుంది, హెపటోపాంక్రియాస్ పగిలి రంగు కారుతుంది. ప్లాంటుకు చేరేసరికి అది తల తీయడానికి తప్ప పనికిరాదు. తలతో వెళ్లాల్సిన సరుకును వలలోంచి నేరుగా సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉన్న ఐసు నీళ్ల తొట్టిలో ముంచాలి. కౌంట్ తొట్టి దగ్గరే చూసుకోవాలి. తర్వాత కిలోకు కిలో ఐసు చొప్పున పొరలుగా వేసి, లోతు తక్కువ క్రేట్లలో పంపాలి. లోతు డబ్బాలో వేస్తే కింది వరసలు నలిగిపోతాయి. పట్టడానికి ముందు రోజు సాయంత్రం నుంచి మేత ఆపకపోతే పేగు నిండా ఉండి తల త్వరగా నల్లబడుతుంది. పెంకు వదిలే రోజుల్లో, అంటే అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో మెత్తలు (పెంకు గట్టిపడని రొయ్యలు) ఎక్కువ వస్తాయి, ఆ రోజుల్లో తలతో అమ్మే సరుకు పట్టకపోవడం మేలు. నలుపు రాకుండా వాడే మెటాబైసల్ఫైట్ చేతికొచ్చినంత చల్లే అలవాటు మానాలి. పచ్చి రొయ్య తినే భాగంలో సల్ఫైట్ కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. ముంచే నీళ్లలో తూకం వేసి కలపాలి, నిమిషాలు లెక్కపెట్టాలి. ఐసు నీళ్ల తొట్టెలు, తూకం యంత్రాలు పెట్టుకునే పల్లె కేంద్రాలకు మత్స్యశాఖ సాయం చేస్తే, ఆ డబ్బు విదేశీ ఎగ్జిబిషన్ స్టాళ్ల కన్నా త్వరగా ఫలితమిస్తుంది.

చైనా పేరు చెప్పగానే కొందరికి అదే కొత్త అమెరికా అనిపిస్తుంది. ఈక్వడార్‌ను చూడండి. సగం దాకా సరుకు చైనాకే పంపుతూ బాగా పెరిగింది. 2020 జులైలో ప్యాకింగ్ మీద కరోనా జాడ దొరికిందని చైనా అక్కడి మూడు కంపెనీల సరుకు ఆపేసరికి మొత్తం రంగం కుదేలైంది. మనం అమెరికాలో పైకి వచ్చిందీ ఇంకొకరి కష్టంతోనే. 2012, 2013లో చిన్న రొయ్యలను చంపే ఈఎంఎస్ రోగం థాయ్‌లాండ్ చెరువులను దెబ్బతీశాక ఖాళీ అయిన చోటులోకి మనం వెళ్లాం. అంతకుముందు టైగర్ రొయ్య రోజుల్లో మన కళ్లన్నీ జపాన్ మీదే. పెద్ద గిరాకీదారు మారాడు గానీ, ఒక్కడినే నమ్ముకునే అలవాటు మారలేదు. ఈసారి ఏ దేశానికీ మూడో వంతు మించి సరుకు వెళ్లకుండా ప్లాంట్లు తమకు తాముగా హద్దు పెట్టుకోవాలని మా సూచన. మించితే ఆ ప్లాంటుకు వచ్చే ప్రోత్సాహకాలు తగ్గేలా నిబంధన రాయండి.

ఐరోపా తలుపు దగ్గర అడ్డు మన రికార్డు పుస్తకాలు. 2016లో మన సాగు రొయ్య కంటైనర్లలో సగానికి సరిహద్దులోనే నమూనా పరీక్ష పెట్టారు, అంతకుముందు పదికి ఒకటి ఉండేది. నిషేధిత యాంటీబయాటిక్‌లు క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాడలు దొరుకుతున్నాయనే దీనికి కారణం. 2022 నవంబరు నుంచి అక్కడ క్లోరాంఫెనికాల్‌కు చర్య తీసుకునే స్థాయి కిలోకు 0.15 మైక్రోగ్రాములు, నైట్రోఫ్యూరాన్ అవశేషాలకు 0.5. ఇంత సన్నటి కొలతకు రైతు కావాలని మందు వేయాల్సిన పనే లేదు. లేబుల్ లేని గట్ ప్రోబయాటిక్ పొడులు చాలు. హేచరీలో లార్వా దశలో వాడిన మందు చాలు. కంటికి వేసుకునే క్లోరాంఫెనికాల్ చుక్కల మందు ఉన్న చేతులతో మేత కలిపినా పరీక్షలో దొరికే అవకాశం ఉంది. ఇంకో సంగతి, నైట్రోఫ్యూరాన్ వాడకానికి గుర్తుగా పరీక్షలో చూసే సెమీకార్బజైడ్ కొన్ని పీత, రొయ్య జాతుల పెంకులో సహజంగానే ఉంటుంది. పెంకుతో కలిపి నూరిన నమూనా తప్పు పాజిటివ్ ఇస్తుంది, ఒలిచిన కండనే పరీక్షించాలి. ఈ అవశేషాలు పరీక్షించే ఎలైసా ల్యాబులకు ఇది రాతపూర్వకంగా చెప్పండి.

పట్టుబడికి ముందు చేసే పరీక్ష కాగితం ఇప్పుడు చెరువు దగ్గరే ఆగిపోతోంది. ఏజెంటు లారీ నాలుగు ఊళ్లు తిరిగి ఆరు చెరువుల సరుకు ఒకే ఐసులో వేస్తే ఆ కాగితానికి అర్థం లేదు. ఒక లారీకి ఒక చెరువు కుదరకపోతే, కనీసం క్రేటుకు ఒక చెరువు. క్రేటు మీద ఎంపెడా నమోదు సంఖ్య, పట్టిన తేదీ ఉన్న ట్యాగు ఉండాలి. ట్యాగు లేని క్రేటుకు ప్లాంటు తక్కువ ధర ఇవ్వాలి, ఉన్నదానికి ఎక్కువ. రూపాయి తేడా కనిపించని చోట రికార్డు రాయమని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ రాయరు. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకాలైన ఒప్పందం రొయ్య మీద సుంకం ఎత్తేస్తుంది. సుంకం సున్నా అయినంత మాత్రాన అవశేషాల పరీక్ష సున్నా అవ్వదు.

దేశీయ మార్కెట్ మీద అందరూ మాట్లాడతారు, ఎవరూ ఫ్రీజర్ గురించి మాట్లాడరు. కొట్టువాడు కరెంటు బిల్లు కోసం రాత్రి ఫ్రీజర్ ఆపి పొద్దున్నే వేస్తాడు. మైనస్ 18 దగ్గర ఉండాల్సిన సరుకు కరిగి మళ్లీ గడ్డకడుతుంది. వండితే నీరు వదిలి రబ్బరులా అవుతుంది. కొన్నావిడ ఇక ఫ్రోజెన్ జోలికి రాదు. దానికి తోడు గ్లేజ్. కిలో అని రాసిన సంచిలో మూడు వందల గ్రాములు మంచుపొరే ఉంటే అది వ్యాపారం కాదు, మోసం. దేశంలో అమ్మే సంచి మీద మంచు తీసేసిన తూకం పెద్ద అక్షరాల్లో ఉండేలా తనిఖీ చేయండి. మన ఇళ్లలో కూరకు, వేపుడుకు, బిర్యానీకి కావాల్సింది 60 నుంచి 100 కౌంట్, ఒలిచి, తోక కూడా తీసి, పావు కిలో, అర కిలో ప్యాకెట్లలో. అంటే అరవై, ఎనభై రోజుల్లో, ఆఖరి నెల సాహసం లేకుండా పట్టగలిగిన సరుకు. అమెరికా ఆర్డర్లు ఆగినప్పుడు మొదట పని పోయేది ఒలిచే షెడ్లలోని ఆడవాళ్లకు. ఈ ప్యాకెట్లకు కావాల్సింది వాళ్ల చేతులే. బడి పిల్లల భోజనంలో రొయ్య పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. రొయ్య పడని పిల్లలు ప్రతి బడిలోనూ ఒకరిద్దరు ఉంటారు, అది దద్దుర్లతో ఆగకపోవచ్చు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో ఫ్రీజర్ ఉష్ణోగ్రత నమోదయ్యే రెండొందల కొట్లతో మొదలుపెట్టినా చాలు.

కరెంటు యూనిట్ రూపాయిన్నరకే ఇచ్చే రాయితీ, మేత ధరల మీద చర్చలు అవసరమే, వాటి మీద ఇప్పటికే చాలామంది రాశారు. మేం ఇక్కడ తిరగదోడడం లేదు.

జనవరి నెలాఖరుకు హేచరీల్లో వేసవి పంట సీడ్ బుకింగులు మొదలవుతాయి. ఎకరానికి లక్ష వేయాలా, అరవై వేలు వేయాలా, 30 కౌంట్‌కు ఉంచాలా, 80కే పట్టాలా అన్నది రైతు నిర్ణయించేది అప్పుడే. సీడ్ నీళ్లలో పడ్డాక ఏ బోర్డు పెట్టినా ఆ పంటకు అక్కరకు రాదు. ధరల బోర్డు, క్రేటు ట్యాగుల ఉత్తర్వు, ల్యాబులకు నమూనా నిబంధన, ఈ మూడూ జనవరి 15 లోపు ఇవ్వండి. లెక్కల నమూనా పత్రం, కౌంట్ల వారీ దిగుబడి పట్టిక మేం తయారుచేసి పెట్టాం. మీ జిల్లా కార్యాలయం ఎప్పుడు పిలిస్తే అప్పుడు పట్టుకొస్తాం.

ఇట్లు,
గోదావరి, కృష్ణా డెల్టాల్లో చెరువులు చూసే ఆక్వా టెక్నీషియన్లు, సాగుదారులు, ప్లాంట్ల నాణ్యతా విభాగాల్లో పనిచేసేవాళ్లు